గొంతు నాదే గానీ చెయ్యి నాది కాదు

 

యువజన సభలో హాస్టల్ వార్డెన్ మాట్లాడుతుందంటే చదువుల గురించో, ఉద్యోగ నోటిఫికేషన్ల గురించో చెబుతుందని అనుకొని వచ్చి ఉంటారు. అవి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను డీజే పాటల గురించి మాట్లాడతాను. నవ్వకండి, ముందు వరసలోని మా హాస్టల్ పిల్లలు మరీ నవ్వుతున్నారు.

వాళ్లెందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. నా బతుకంతా గంట మీదే నడుస్తుంది. పొద్దున లేపే గంట, టిఫిన్ గంట, స్టడీ అవర్ గంట. రెండు నిమిషాలు ఆలస్యమైతే వరండాలో నిలబెట్టి అడుగుతాను. అట్లాంటిదాన్ని ఈ రోజు ఆలస్యం వైపు మాట్లాడటానికి వచ్చాను. అది కూడా ఎంత ఆలస్యం? సెకనును యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. మానుకోట స్టేషన్‌లో రైలు గంట లేటైనా చాయ్ తాగుతూ కూర్చునే మనకు ఇదొక లెక్కా అనిపిస్తుంది. మన చెవికీ కాలికీ మాత్రం అది లెక్కే. ఎట్లా తెలిసిందో చెబుతాను.

మా అన్న కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఒక పాత లాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో వేసుకొని ట్రాకులు చేస్తుంటాడు. మీలో కూడా చాలామంది చేస్తున్నారని తెలుసు. నిరుడు తీజ్‌కు నెల ముందు మా యాడి దగ్గర కూర్చొని ఆమె పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. ఆమె ఊరికే పాడదు, చప్పట్లు కొడుతూనే పాడుతుంది. చేతికి ఇంకా పాత గాజులున్నాయి. వారం రోజుల్లో దాన్ని ట్రాకుగా చేసి తెచ్చాడు. కింద కిక్, మధ్యలో థాళి చప్పుడు, పైన మా యాడి గొంతు. నాకైతే బాగానే అనిపించింది. ఆమెకు వినిపించాడు. చివరిదాకా వినింది. మా బోలీలో ఒక మాట అన్నది. తెలుగులో చెప్పాలంటే, "గొంతు నాదే గానీ చెయ్యి నాది కాదు" అని.

వాడికి కోపం వచ్చింది. "చప్పట్లు కూడా నీవే, నేను సరిచేసిన అంతే" అన్నాడు. ఆమె ఇంకేం మాట్లాడలేదు, పొయ్యి దగ్గరికి పోయింది.

నేను కూడా ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు. పైగా ఆ ట్రాకునే మా హాస్టల్ ఆడపిల్లలకు ఇచ్చాను. సాయంత్రాలు దాని మీదే తీజ్ ఆట నేర్చుకున్నారు. బాగా ఆడారు, వరస తప్పలేదు. పండుగ తొమ్మిదో రోజు కొందరిని తీసుకొని మా తండాకు పోయాను. మొలకలు ఎత్తిన బుట్టలు మధ్యలో పెట్టి ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు. మా పిల్లలు ఆ గుంపులోకి దిగారు. రెండు చుట్లు తిరిగేసరికి తడబాటు మొదలైంది. వంగే చోట వీళ్లు ముందు వంగుతున్నారు, పక్కనున్న అవ్వ భుజం తగులుతోంది. ఒక ముసలామె ఒకమ్మాయి చెయ్యి పట్టుకొని, "ఎందుకు బిడ్డా, ఎవరన్నా తరుముతున్నరా?" అని అడిగింది. ఆ పిల్ల బయటికొచ్చి నాతో, "మేడం, అవ్వలు స్లో అయిపోతున్నరు" అంది.

నేను లెక్కలు చెప్పిన టీచర్‌ని. ఎవరైనా స్లో అంటే కొలవకుండా ఒప్పుకోను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి అవ్వల పెద్ద చప్పట్లు లెక్కబెట్టాను. నిమిషానికి వంద, ఒకటి అటూ ఇటూ. తర్వాత ట్రాక్ పెట్టి లెక్కబెట్టాను. అదీ వందే. వేగం ఒకటే. అవ్వలు స్లో కాలేదు, మా పిల్లలు ఫాస్ట్ కాలేదు. మరి కాళ్లెందుకు కలవలేదు?

ఇంటికొచ్చాక మా వాడిని అసలు రికార్డింగ్ తెరవమన్నాను. స్క్రీన్ మీద చప్పుడు గీతలుగా కనిపిస్తుంది, మీకు తెలిసిందే. ఇప్పుడు కొంచెం లెక్క. నిమిషానికి వంద బీట్లంటే ఒక్కో బీట్ 600 మిల్లీ సెకన్లు. సెకనులో వెయ్యో వంతు మిల్లీ సెకను. బీట్‌ను నాలుగు భాగాలు చేస్తే ఒక్కో పావు బీట్ 150. మా యాడి పాటలో పెద్ద చప్పట్ తర్వాత ఒక చిన్న చప్పట్ పడుతుంది. మిషన్ లెక్కలో అది సరిగ్గా 150 దగ్గర పడాలి. ఆమెది 170 దగ్గర పడింది. ఇంకోసారి 165, ఇంకోసారి 175. చరణం చివర వంగే ముందు ఇంకా కొంచెం జరిగింది. ప్రతి చప్పట్ వెనకాలే చిన్న చిన్న ముళ్లలాగా ఇంకేవో గీతలు. అవి గాజులు. అరచేతులు కలిసిన తర్వాతనే కదా గాజులు కిందికి జారి ఒకదానికొకటి తగిలేది. మా వాడు వాటిని నాయిస్ అనుకొని కోసేశాడు. చప్పట్లన్నీ సెలెక్ట్ చేసి క్వాంటైజ్ నొక్కాడు. 170, 165, 175 అన్నీ 150 దగ్గరికి పోయి కూర్చున్నాయి. అదే వాడు చేసిన "సరిచేయడం".

ఇరవై మిల్లీ సెకన్లు. రెప్పపాటుకు కనీసం వంద పడుతుంది. ఇది అందులో ఐదో వంతు. మా యాడి చేతికి అది తెలిసింది. తండా అవ్వల నడుముకు తెలిసింది. ఆ చిన్న చప్పట్ ఆలస్యంగా పడటంవల్లనే వంగే సమయం దొరుకుతుంది, ఫేటియా ఒక పక్కకు తిరిగి ఆగే సమయం దొరుకుతుంది. మా పిల్లలకు ఆ సమయం ట్రాకులో దొరకలేదు కాబట్టి లేకుండానే నేర్చుకున్నారు.

ఈ క్వాంటైజ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. అమెరికాలో రోజర్ లిన్ అనే ఆయన 1980లో ఎల్ఎమ్-1 అనే డ్రమ్ మిషన్ తెచ్చాడు. నిజం డ్రమ్ముల చప్పుళ్లను రికార్డు చేసి అందులో పెట్టాడు. మనిషి వేలితో కొట్టింది కొంచెం అటూ ఇటూ అయితే మిషనే దాన్ని దగ్గరి గీత మీదికి జరుపుతుంది. అయితే అదే మిషన్‌లో ఆయన స్వింగ్ అనే ఇంకో సదుపాయం కూడా పెట్టాడు. గీత మీదికి తెచ్చిన మనిషికే, గీత మీదున్నది ఒక్కటే సరిపోదని అప్పుడే తెలుసన్నమాట. తర్వాత 1988లో అకాయ్ కంపెనీతో కలిసి ఎంపీసీ-60 చేశాడు. ఈ రోజు మీ ఫోన్ యాప్‌లో కనిపించే స్వింగ్ బటన్ ఆ వంశంలోదే.

స్వింగ్‌ను శాతాల్లో చెబుతారు. మన వంద బీట్ల పాటనే తీసుకుంటే అర బీట్ 300 మిల్లీ సెకన్లు. 50 శాతం స్వింగ్ అంటే 150, 150, తిన్నగా ఉంటుంది. 54 అంటే 162, 138. రెండో దెబ్బ 12 మిల్లీ సెకన్లు వెనక. 58 అంటే 174, 126. అంటే 24 వెనక. 66 దగ్గరికి పోతే దాదాపు 200, 100, అప్పుడు నడకే మారిపోయి ఎగిరినట్టు ఉంటుంది. ఈ లెక్కలో మా యాడి చెయ్యి 55కూ 58కీ మధ్యన ఆడుతోంది. ఆడుతోంది అన్నాను చూడండి, ఒక అంకె దగ్గర నిలబడలేదు. బటన్ తిప్పితే మిషన్ ఒక అంకె దగ్గర నిలబడిపోతుంది.

బటన్‌ను నమ్మని వాళ్లు కూడా ఉన్నారు. డెట్రాయిట్ నగరంలో జే డిల్లా అని ఒక నల్లజాతి కుర్రాడు ఉండేవాడు. హిప్ హాప్ ట్రాకులు చేసేవాడు. ఎంపీసీ మీదనే చేసేవాడు కానీ చాలాచోట్ల క్వాంటైజ్ తీసేసి వేళ్లతో నేరుగా కొట్టేవాడు. ఒక డ్రమ్ము గీతకు ముందు, ఇంకోటి వెనక. మొదట విన్నవాళ్లలో కొందరు తప్పు కొట్టాడనుకున్నారు. తర్వాత పెద్ద పెద్ద డ్రమ్మర్లు నిజం డ్రమ్ముల మీద ఆ నడకను సాధన చేశారు. 2006లో, 32 ఏళ్లకే చనిపోయాడు. ఆయన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని నల్లజాతి చరిత్ర మ్యూజియంలో ఉంది. మిషన్‌ను వదిలేయకుండా మిషన్ మీదనే తన చెయ్యిని నిలబెట్టుకున్నాడు. అందుకే మీకు ఆయన పేరు చెబుతున్నాను.

ఇక్కడ మీలో తెలివైన వాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. అడగాలి కూడా. అవ్వల చప్పట్ ఆలస్యం కావడం వయసువల్ల కావచ్చు కదా, అలసట కావచ్చు కదా, దానికింత కథెందుకు అని. మా వాడూ అదే అన్నాడు. "అయితే హ్యూమనైజ్ బటన్ ఉంది అత్తా, నొక్కుతా" అన్నాడు. ఆ బటన్ ఏం చేస్తుందంటే, దెబ్బలను లాటరీ తీసినట్టు ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ జరుపుతుంది. నొక్కాడు. విన్నాం. మా యాడి దాకా పోనవసరం లేకుండా నాకే తెలిసింది. అది తాగి వాయించినట్టుంది.

ఎందుకట్లా ఉంటుందో 2011లో హోల్గర్ హెన్నిగ్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఒక పరిశోధనలో చూపించారు. అనుభవం ఉన్న డ్రమ్మర్ దెబ్బలను కొలిచారు. గీతకు అటూ ఇటూ జరగడం ఉంది. కానీ అది లాటరీ కాదు. ఇప్పటి దెబ్బ ఎంత జరిగిందనేదానికి ఎప్పుడో ముందు పడ్డ దెబ్బలతో సంబంధం ఉంది. చెయ్యి తను ఎక్కడుందో చాలాసేపు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఒకే పాటను రెండు రకాలుగా చేసి జనానికి వినిపించారు. ఒకదాంట్లో లాటరీ తేడాలు, ఇంకోదాంట్లో మనిషి చేతిలాంటి గుర్తున్న తేడాలు. వినేవాళ్లు రెండోదాన్నే ఎక్కువ ఇష్టపడ్డారు.

వయసు అన్నదానికి జవాబు ఆఫ్రికా నుంచి వచ్చింది. మాలి దేశంలో జెంబె డోలు వాయించేవాళ్ల మీద రైనర్ పోలాక్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి పనిచేశాడు. అక్కడి కొన్ని వరసల్లో బీట్ లోపలి భాగాలు సమానంగా ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అది ఒక కళాకారుడి అలవాటు కాదు, అందరూ అట్లాగే వాయిస్తారు, వేగం పెరిగినా ఆ పొట్టి పొడుగు నిలబడుతుంది. ఆయన చెప్పేదేమిటంటే, సమానమైన గీత ముందుండి వీళ్లు దాని నుంచి పక్కకు జరిగారనుకోవడమే పొరపాటు. వాళ్ల తాళమే అది. నాకు ఇది చదివినప్పుడు మా తండా అవ్వలు గుర్తొచ్చారు. పదిహేను మంది, వయసులు వేరు, ఒకామెకు మోకాళ్ల నొప్పి. చిన్న చప్పట్ మాత్రం అందరిదీ ఆ వెనకాలే పడుతోంది. మా వాడు తర్వాత అక్కడ తీసిన వీడియో కూడా స్క్రీన్ మీద పెట్టి చూశాడు. వయసు కారణమైతే అందరూ ఒకే లెక్కన ముసలివాళ్లు కావాలి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. గీత మీద ఉండే ప్రతి బీట్ ప్రాణం లేనిదని నేననను. 2013లో జర్మనీలోనే ఇంకో పరిశోధనలో మామూలు రాక్ డ్రమ్ వరసను రకరకాలుగా జరిపి వినిపిస్తే, సరిగ్గా గీత మీదున్నదానికే జనం ఎక్కువ మార్కులు వేశారు. కొన్ని పాటలకు ఆ తిన్నటి నడకే అందం. మన దేశంలోనే 1982లో బొంబాయి సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ మిషన్ల మీద పది రాగాలను డిస్కో బీట్‌తో వాయించి రికార్డు తెచ్చాడు. ఆ మిషన్ నడక మీద రాగం జారుతుంటే వినడానికి భలే ఉంటుంది. పెళ్లిలో డీజే పెడితే కాలు ఆగని మాట నాకూ నిజమే. నా బాధ డీజే మీద కాదు, తెలియకుండా తుడిచేయడం మీద.

ఎందుకంటే మన లంబాడీ బోలీకి సొంత లిపి లేదు. పాట మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాం, సంతోషం. చప్పట్‌లోని ఆ ఇరవై మిల్లీ సెకన్లను ఏ అక్షరంలో రాస్తాం? అది అవ్వ చేతిలో ఉంటుంది, అవ్వ పక్కన నిలబడ్డ పిల్ల చేతిలోకి పోతుంది. అంతే దాని దారి. ఆ పిల్ల అవ్వ పక్కన నిలబడకుండా బాక్సు ముందు నిలబడితే బాక్సులో ఉన్నదే నేర్చుకుంటుంది. మా హాస్టల్‌లో జరిగింది అదే, ఆ బాక్సు పెట్టింది నేనే.

కోయ తమ్ముళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. సమ్మక్క సారలమ్మ కథలను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకు, 2024లో ఆయన వెళ్లిపోయారు. కథను పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు. మాటకూ డోలు దెబ్బకూ మధ్య ఆయన వదిలే సందు మాత్రం రికార్డింగుల్లో ఉన్నంతే మనకు మిగులుతుంది. ఆ రికార్డింగుల మీద ఎవరైనా క్వాంటైజ్ నొక్కితే అదీ మిగలదు.

డోలు అంటే ఇంకో ముచ్చట. శబ్దం ఒక మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీ సెకన్లు పడుతుంది. తీజ్ గుంపులో ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య నాలుగు మీటర్లుంటే ఒకరి చప్పట్ ఇంకొకరికి 12 మిల్లీ సెకన్లు ఆలస్యంగా అందుతుంది. దగ్గరి చప్పట్, దూరపు చప్పట్ కలిసి ఒక మెత్తటి అంచు వస్తుంది. బరాత్‌లో చూడండి, డీజే బండికి నలభై మీటర్ల వెనకున్నవాళ్లకు అదే బీట్ 120 మిల్లీ సెకన్ల తర్వాత చేరుతుంది. పైనుంచి వీడియో తీస్తే ఎగరడం అలలాగా వెనక్కి పోవడం కనిపిస్తుంది. గీత మీద ఎంత సరిగ్గా పెట్టినా గాలి దాన్ని మళ్లీ జరుపుతుంది.

మీకు పనికొచ్చేది ఒకటి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ట్రాకు వింటూ దాని మీద చప్పట్లో, డోలో రికార్డు చేయకండి. బ్లూటూత్‌లో శబ్దం చాలాసార్లు 100, 200 మిల్లీ సెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. మనం మాట్లాడుకుంటున్నది ఇరవై గురించి. దాంట్లో ఇది మునిగిపోతుంది. వైరు ఉన్నవి పెట్టుకోండి, పాతవే మేలు.

అవ్వను రికార్డు చేసేటప్పుడు ఆమె చెవిలో టిక్ టిక్ పెట్టకండి. పెడితే ఆమె చెయ్యి టిక్ టిక్ కోసం వెతుక్కుంటుంది. ఆమెను ఆమె నడకలో పాడనివ్వండి. వీలైతే ఒంటరిగా కూర్చోబెట్టకుండా ఇంకో ఇద్దరిని పక్కన నిలబెట్టి, నిలబడి ఆడుతుండగానే తీయండి. గాజుల చప్పుడు కోయకండి. ఆ మొదటి రికార్డింగ్‌ను ముట్టకుండా ఒక కాపీ వేరేగా దాచండి, అమ్మ పాత చీర దాచినట్టు. తర్వాత కిక్ వేసుకోండి, సింథ్ వేసుకోండి, మీ ఇష్టం. కాకపోతే అవ్వ చప్పట్లను గీత దగ్గరికి తీసుకుపోకుండా, గీతనే అవ్వ చప్పట్ల దగ్గరికి తీసుకురండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక రికార్డింగ్ నుంచి నడకను తీసుకొని మిగతా వాద్యాలకు వేసే సదుపాయం ఉంది, గ్రూవ్ టెంప్లేట్ అంటారు. కొంచెం చాకిరీ. మా వాడికి మూడు రాత్రులు పట్టింది.

అవును, మళ్లీ చేశాడు. ఈసారి చప్పట్లు ముట్టలేదు, కిక్‌ను వాటి వెంట జరిపాడు, గాజులు వదిలేశాడు. మా యాడికి వినిపించాడు. ఆమె తల ఊపింది. మెచ్చుకుంటుందేమోనని చూశాం. "థాళి ఎవడు కొడుతున్నడు? ముందుకు ఉరుకుతున్నడు" అంది. థాళి మాత్రం వాడు వేరే లూప్ నుంచి తెచ్చి వేశాడు, దాన్ని జరపడం మరిచిపోయాడు. స్క్రీన్ చూసి కొలిస్తే నిజంగానే 15 మిల్లీ సెకన్లు ముందుంది. ఇప్పుడు దాని మీద పడ్డాడు.

ఈ తీజ్‌కు మా హాస్టల్‌లో పద్ధతి మార్చాను. పిల్లలు ముందు అవ్వలతో నేర్చుకుంటారు, ట్రాకు తర్వాత. శ్రావణం రాకముందే నాలుగు ఆదివారాలు తండాల నుంచి అవ్వలను పిలుస్తున్నాం, మధ్యాహ్నం భోజనం మా దగ్గరే. రికార్డు చేయడానికి మంచి ఫోన్, వైరు మైకు ఉన్నవాళ్లు రావచ్చు. డోలు వాయించే కోయ తమ్ముళ్లు కూడా రండి, మీ పెద్దవాళ్లను వెంటబెట్టుకొని. హాస్టల్ లోపలికి ఫోన్లు రానివ్వను, ఆఫీసు గదిలోనే రికార్డింగ్. పదిన్నరకు మొదలు పెడతాం. ఆ పదిన్నరకు మాత్రం ఆలస్యం చేయకండి.